పెద్ద సంఖ్య చేతికొస్తే: దాని లక్షణాలు, వర్గీకరణ ఏ వరుసలో తేల్చాలి

ఒక పెద్ద సంఖ్య ఇచ్చి "దీని లక్షణాలన్నీ రాయండి" అంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ ప్రశ్న నాకు పదేపదే వస్తోంది. అడిగేవాళ్లలో చాలామందికి సూత్రాలు వచ్చు, రానిది వరుస. చివర చేయాల్సింది ముందు చేస్తారు, మధ్యలో ఒక అంకె తప్పు పోతుంది, టెన్షన్‌తో మళ్లీ మొదటికొస్తారు.

అందుకే ఒకే సంఖ్యను పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చేసి చూపిస్తున్నాను. ఆ సంఖ్య 1,23,45,678. గుర్తుపెట్టుకోవడం తేలిక, చేత్తో చేయగలిగినంత పెద్దది, లోపల ఏముందో చూడగానే తెలియదు. కాగితం, పెన్ను, మామూలు క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

## 1. మొదలుపెట్టే ముందు

కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీయండి. ఎడమవైపు "సంఖ్యవి", కుడివైపు "రాతవి" అని పేర్లు పెట్టండి.

ఈ గీత చాలా ముఖ్యం. ప్రధాన సంఖ్యా కాదా, ఎన్ని భాజకాలున్నాయి, వర్గమా కాదా అన్నవి ఆ సంఖ్య సొంత గుణాలు. మనం దాన్ని ఏ పద్ధతిలో రాసినా అవి మారవు. అంకెల మొత్తం, అంకెల లబ్ధం, వెనక నుంచి చదివినా ఒకేలా ఉండటం లాంటివి మాత్రం మనం పది ఆధారంగా రాసుకోవడం వల్ల వచ్చినవి. అదే సంఖ్యను బైనరీలో రాస్తే అవి వేరుగా వస్తాయి. రెండింటినీ కలిపి ఒకే జాబితాలో రాసేస్తే ఏది లోతైనదో, ఏది పైపైదో తెలియకుండా పోతుంది.

ముందుగా చూసుకోవాల్సినవి:

- సంఖ్యను కామాలు లేకుండా ఒకసారి రాసి అంకెలు లెక్కపెట్టండి. ఇక్కడ 8. కామాల చోటు మారినంత మాత్రాన సంఖ్య మారదు, కానీ కాపీ చేసేటప్పుడు అంకె జారిపోయేది అక్కడే.
- 113 దాకా ప్రధాన సంఖ్యల పట్టిక పక్కన పెట్టుకోండి. అవి 30 ఉంటాయి. మీ పట్టికలో 91 గానీ, దాన్ని ఇంకా పొడిగిస్తే 119, 133, 161, 221 గానీ ఉంటే కొట్టేయండి. చూడటానికి ప్రధాన సంఖ్యల్లా ఉంటాయి గానీ 91 అంటే 7 × 13, 119 అంటే 7 × 17, 133 అంటే 7 × 19, 161 అంటే 7 × 23, 221 అంటే 13 × 17.
- కంప్యూటర్ వాడితే దాని హద్దు తెలుసుకోండి. ఎక్సెల్ 15 అంకెల దాకానే నమ్మకంగా దాచుకుంటుంది, ఆ తర్వాతి అంకెల్ని సున్నాలు చేసేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలు 9,00,71,99,25,47,40,992 దాటితే, అంటే 2 కు 53వ ఘాతం దాటితే, పక్కపక్క సంఖ్యలు ఒకటైపోతాయి. పైథాన్‌లో పూర్ణాంకాలకు ఆ ఇబ్బంది లేదు, అయితే వర్గమూలం తీసేటప్పుడు దశాంశాల పద్ధతి కాకుండా పూర్ణాంక వర్గమూలం వాడండి.

## 2. హద్దులు గీయండి

ముందు సంఖ్య ఎక్కడ కూర్చుందో చూడాలి. 3513² = 1,23,41,169. 3514² = 1,23,48,196. మన సంఖ్య ఈ రెండింటి మధ్య ఉంది, కాబట్టి ఇది వర్గం కాదు. 231³ = 1,23,26,391, 232³ = 1,24,87,168. ఘనమూ కాదు.

నిజానికి వర్గం కాదని చెప్పడానికి ఇంత లెక్క అక్కర్లేదు. ఏ వర్గమూ 2, 3, 7, 8 తో ముగియదు. మనది 8 తో ముగిసింది. అయినా 3513 అన్న హద్దును రాసిపెట్టుకోండి. కారణాంకాలను వెతికేటప్పుడు అంతకంటే ముందుకు వెళ్లే పని ఎప్పటికీ పడదు.

## 3. చిన్న భాజకాలను ఒలిచేయండి

2, 3, 5 లతో మొదలుపెట్టండి. ప్రతిదాన్నీ ఎన్నిసార్లు పోతుందో అన్నిసార్లూ తీసేశాకే తర్వాతిదానికి వెళ్లాలి.

చివరి అంకె 8, కాబట్టి 2 పోతుంది. చివరి రెండు అంకెలు 78, అది 4 తో పోదు. అంటే 2 ఒక్కసారే.

అంకెల మొత్తం 1+2+3+4+5+6+7+8 = 36. కాబట్టి 9 తో పోతుంది. 1,23,45,678 ÷ 9 = 13,71,742. దీని అంకెల మొత్తం 25, ఇక 3 తో పోదు. అంటే 3 సరిగ్గా రెండుసార్లు.

చాలామంది ఇక్కడ 27 కు కూడా అంకెల మొత్తం సూత్రం వాడేస్తారు. అది పనిచేయదు. 1899 అంకెల మొత్తం 27, కానీ 1899 ను 27 తో భాగిస్తే 9 శేషం వస్తుంది. అంకెల మొత్తం మాట వినేది 3, 9 లకే. ఆ తర్వాత భాగించి చూడటమే.

13,71,742 ÷ 2 = 6,85,871. చివరి అంకె 1, కాబట్టి 5 లేదు. ఇప్పుడు మన చేతిలో ఉన్నది:

1,23,45,678 = 2 × 3² × 6,85,871

## 4. మిగిలినదాన్ని వరుసగా ప్రయత్నించండి

అసలు శ్రమ ఇక్కడే. తొందరపడొద్దు.

హద్దు మారిందని ముందు గమనించండి. ఇప్పుడు 3513 దాకా వెళ్లనక్కర్లేదు, 6,85,871 వర్గమూలం దాదాపు 828 కాబట్టి అక్కడిదాకా చూస్తే చాలు. 828 లోపు ప్రధాన సంఖ్యలు 144 ఉన్నాయి. భయపడకండి, అన్నీ చేయాల్సిన అవసరం అరుదుగా వస్తుంది.

7, 11, 13 మూడింటినీ ఒకే దెబ్బకు చూసే దారి ఒకటుంది. 7 × 11 × 13 = 1001. సంఖ్యను కుడినుంచి మూడేసి అంకెలుగా విడదీసి, ఒకటి విడిచి ఒకటి కూడి తీసేయండి: 871 − 685 = 186. ఇక 6,85,871 బదులు 186 ను చూస్తే చాలు. 186 ను 7 తో భాగిస్తే శేషం 4, 11 తో 10, 13 తో 4. మూడూ పోవు.

37 కూ ఇలాంటిదే ఉంది. 27 × 37 = 999 కాబట్టి మూడేసి అంకెల ముక్కలను కూడండి: 871 + 685 = 1556. 37 × 42 = 1554, శేషం 2. పోదు.

మిగతావి మామూలు భాగహారమే. శేషాలు పక్కన రాసుకోండి, తర్వాత అనుమానం వస్తే ఎక్కడ ఆగారో తెలుస్తుంది:

- 17: శేషం 6
- 19: శేషం 9
- 23: శేషం 11
- 29: శేషం 21
- 31: శేషం 27
- 41: శేషం 23
- 43: శేషం 21
- 47: శేషం 0

దొరికింది. 6,85,871 = 47 × 14,593.

దొరికిన సంతోషంలో చాలామంది రెండు పనులు మర్చిపోతారు. మొదటిది, 47 ను మళ్లీ ప్రయత్నించాలి, ఎందుకంటే అది రెండోసారి కూడా పోవచ్చు. 47 × 310 = 14,570, శేషం 23. కాబట్టి ఒక్కసారే. రెండోది, హద్దును మళ్లీ లెక్కించాలి. 14,593 వర్గమూలం 120 కంటే కొంచెం ఎక్కువ. ఇక 828 తో పనిలేదు, 113 దాకా చూస్తే చాలు. 47 కంటే చిన్నవాటిని మళ్లీ చూడనక్కర్లేదు. అవి 6,85,871 నే భాగించలేదు, దాని భాగాన్ని ఎలా భాగిస్తాయి?

53 నుంచి 113 దాకా ఉన్నవి 15 ప్రధాన సంఖ్యలు. ఒక్కటీ పోదు. దగ్గరగా వచ్చేది 89: 89 × 164 = 14,596, మూడే తేడా. దగ్గరగా వచ్చిందని లెక్క తప్పేమో అనుకోకండి, పోలేదంటే పోలేదంతే. కాబట్టి 14,593 ప్రధాన సంఖ్య.

1,23,45,678 = 2 × 3² × 47 × 14,593

ఇప్పుడు వెనక్కి గుణించండి. 47 × 14,593 = 6,85,871. 18 × 6,85,871 = 1,23,45,678. ఇది సరిపోయాకే ముందుకు వెళ్లాలి. ఇక్కడ తప్పుంటే కింద వచ్చే ప్రతి జవాబూ తప్పే.

## 5. మిగిలిన ముక్క మరీ పెద్దదైతే

వరుస భాగహారం చేత్తో అయిదారు అంకెల ముక్కకు సరిపోతుంది. అంతకు మించితే రెండు ప్రశ్నలు వేరువేరుగా అడగండి: ఇది ప్రధాన సంఖ్యేనా? కాకపోతే ఎలా విడగొట్టాలి? మొదటిది తేలిక, రెండోది కష్టం.

మొదటిదానికి ఫెర్మా పరీక్ష ఒక్కటే నమ్ముకోవద్దు. (ఆధారం అనే ఒక చిన్న సంఖ్యను, మన సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతానికి పెంచి, మన సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూడటమే ఆ పరీక్ష.) ఆధారం 2 తో 341 ఆ పరీక్ష నెగ్గుతుంది, కానీ 341 = 11 × 31. ఇక 561 = 3 × 11 × 17 అయితే తనతో ఉమ్మడి భాజకం లేని ఏ ఆధారంతో చూసినా నెగ్గుతుంది. దానికంటే కఠినమైన మిల్లర్-రాబిన్ పరీక్ష వాడండి. ఆధారాలు 2, 3, 5, 7 నాలుగూ తీసుకుంటే 321,50,31,751 కంటే చిన్న ఏ సంఖ్యకైనా అది తప్పు చెప్పదు.

రెండోదానికి, కారణాంకాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయన్న అనుమానం ఉంటే ఫెర్మా విడగొట్టే పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ఉదాహరణకు 20,989. వర్గమూలానికి పైనున్న పూర్ణాంకం 145. 145² = 21,025. తేడా 36, అది 6². కాబట్టి 20,989 = (145 − 6)(145 + 6) = 139 × 151. ఒక్క అడుగులో అయిపోయింది. వరుస భాగహారంతో అయితే 139 దాకా ఎక్కాలి.

రెండు కారణాంకాలూ చాలా పెద్దవైతే కంప్యూటర్లకూ చెమట పడుతుంది. 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ-250 అన్న సంఖ్యను విడగొట్టడం 2020లో గానీ కాలేదు. కాబట్టి ఒక ముక్క లొంగకపోతే తప్పు మీదే అనుకోనక్కర్లేదు. ఆ ముక్క సంయుక్తం అని రాసి, తెలిసినంతవరకు తేల్చండి.

## 6. భాజకాల సంఖ్య, భాజకాల మొత్తం

ఇక్కడి నుంచి పని తేలిక. కారణాంకాల విభజన చేతిలో ఉంటే మిగతావన్నీ దానిలోంచే వస్తాయి.

భాజకాలు ఎన్ని? ప్రతి ఘాతానికీ 1 కలిపి గుణించండి. ఘాతాలు 1, 2, 1, 1. కాబట్టి 2 × 3 × 2 × 2 = 24.

జాబితా రాయాలంటే చిన్న సగం ముందు రాయండి: 1, 2, 3, 6, 9, 18, 47, 94, 141, 282, 423, 846. మిగతా 12, వీటిని 14,593 తో గుణిస్తే వస్తాయి. 24 కంటే ఎక్కువో తక్కువో వస్తే ఏదో ఒకటి రెండుసార్లు రాశారు, లేదా వదిలేశారు.

భాజకాల మొత్తానికి ఒక్కో ప్రధాన సంఖ్యనూ దాని పూర్తి ఘాతంతో కలిపి చూడాలి:

- 2 నుంచి: 1 + 2 = 3
- 3² నుంచి: 1 + 3 + 9 = 13
- 47 నుంచి: 1 + 47 = 48
- 14,593 నుంచి: 14,594

లబ్ధం: 3 × 13 × 48 × 14,594 = 2,73,19,968.

ఎక్కువమంది పొరపాటు చేసేది 3² దగ్గర. దాన్ని 3 × 3 అనుకుని (1 + 3)(1 + 3) = 16 వేస్తారు. అలా చేస్తే 3 అనే భాజకాన్ని రెండుసార్లు లెక్కించినట్టు. 13 వేయాలి.

24 భాజకాలంటే ఎక్కువగా కనిపిస్తుంది, కానీ ఈ పరిమాణంలో ఉండగలిగిన గరిష్ఠంతో పోలిస్తే అది చాలా తక్కువ. 360 కే 24 భాజకాలున్నాయి. తనకంటే చిన్నవాటన్నిటికంటే ఎక్కువ భాజకాలున్న సంఖ్యలను రామానుజన్ 1915లో వచ్చిన పరిశోధనా వ్యాసంలో లోతుగా పరిశీలించారు. 360 ఆ కోవలోది, మన సంఖ్య కాదు.

## 7. ఊనమా, పరిపూర్ణమా, సమృద్ధమా

భాజకాల మొత్తంలోంచి సంఖ్యను తీసేస్తే, దాన్ని మినహాయించి మిగతా భాజకాల మొత్తం వస్తుంది. అది సంఖ్యకు సమానమైతే పరిపూర్ణ సంఖ్య, తక్కువైతే ఊన సంఖ్య, ఎక్కువైతే సమృద్ధ సంఖ్య.

2,73,19,968 − 1,23,45,678 = 1,49,74,290. ఇది సంఖ్య కంటే 26,28,612 ఎక్కువ. సమృద్ధ సంఖ్య.

తీసివేయడం మర్చిపోతే దాదాపు ప్రతి సంఖ్యా సమృద్ధంగానే కనిపిస్తుంది. నాకు వచ్చే తప్పు జవాబుల్లో ఇదే ఎక్కువ.

దగ్గరి దారులు కూడా ఉన్నాయి:

- 6 పరిపూర్ణ సంఖ్య. పరిపూర్ణ సంఖ్యకు దానికంటే పెద్ద ప్రతి గుణిజమూ సమృద్ధమే. మన సంఖ్య 6 తో పోతుందని మూడో మెట్టులోనే తెలిసింది, అంటే ఈ జవాబు అప్పుడే చెప్పేయొచ్చు. పెద్ద ముక్క విడగొట్టలేకపోయినా ఇలా చాలాసార్లు బయటపడొచ్చు.
- బేసి సంఖ్య అయితే ఊనమయ్యే అవకాశమే ఎక్కువ. అలాగని లెక్క వదిలేయకండి. 945 బేసి సంఖ్యే, కానీ సమృద్ధం. బేసి సమృద్ధ సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది అదే.
- పరిపూర్ణ సంఖ్యలు 6, 28, 496, 8128, ఆ తర్వాత ఏకంగా 3,35,50,336. మధ్యలో ఇంకేమీ లేవు, కాబట్టి మన సంఖ్య పరిపూర్ణం అయ్యే ప్రశ్నే లేదు.

6 తో పోయే సంఖ్యకు ఇంకో అందం ఉంది. దాని సగం, మూడో వంతు, ఆరో వంతు కలిపితే మళ్లీ అదే వస్తుంది: 61,72,839 + 41,15,226 + 20,57,613 = 1,23,45,678. తన భాజకాల్లో కొన్నిటిని కూడితే తానే వచ్చే సంఖ్యల జాబితాలో దీన్ని నిరభ్యంతరంగా చేర్చొచ్చు.

## 8. ఆయిలర్ ఫై, మోబియస్ విలువ

ఆయిలర్ ఫై అంటే, 1 నుంచి ఆ సంఖ్య దాకా ఉన్నవాటిలో దానితో 1 తప్ప వేరే ఉమ్మడి భాజకం లేనివి ఎన్ని అని. ప్రతి ప్రధాన సంఖ్యకూ, ఒక ఘాతం తగ్గించినదాన్ని, ఒకటి తగ్గించిన ప్రధాన సంఖ్యతో గుణించాలి. 2 కు 1, 3² కు 3 × 2 = 6, 47 కు 46, 14,593 కు 14,592. మొత్తం లబ్ధం 40,27,392.

2 కంటే పెద్ద ఏ సంఖ్యకైనా ఫై సరి సంఖ్యే రావాలి. బేసి వస్తే లెక్క తప్పు.

మోబియస్ విలువ అంటే కారణాంకాలను బట్టి సంఖ్యకు ఇచ్చే సున్నా, ప్లస్ ఒకటి, మైనస్ ఒకటిలో ఏదో ఒకటి. అది ఇక్కడ సున్నా. 9 అనే వర్గం సంఖ్యను భాగిస్తోంది కాబట్టి వేరే లెక్కే లేదు. ఏ ప్రధాన సంఖ్యా రెండోసారి రాకపోతేనే ప్లస్ ఒకటా మైనస్ ఒకటా అని చూడాలి: ప్రధాన కారణాంకాల లెక్క సరి అయితే ప్లస్, బేసి అయితే మైనస్.

## 9. ఎలా ఎలా కూడి రాయొచ్చు

నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది. సంఖ్యను 4 తో, 8 తో భాగించినప్పుడు వచ్చే శేషాలు ఎన్ని సంగతులు చెబుతాయో చూడండి.

రెండు వర్గాల తేడాగా: 4 తో భాగిస్తే శేషం 2 వచ్చే సంఖ్యను అలా రాయలేం. 78 ÷ 4 శేషం 2. కుదరదు.

రెండు వర్గాల మొత్తంగా: 4 తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రధాన కారణాంకాలన్నీ సరి ఘాతంలో ఉండాలి. 3 కు ఘాతం 2, బాగానే ఉంది. కానీ 47 కు శేషం 3, ఘాతం 1. అక్కడ ఆగిపోయింది. 14,593 ఒక్కదాన్నే తీసుకుంటే శేషం 1, దాన్ని రాయొచ్చు: 97² + 72² = 9409 + 5184 = 14,593.

మూడు వర్గాల మొత్తంగా: సంఖ్యలోంచి 4 లను పోయినన్ని తీసేశాక, 8 తో భాగిస్తే శేషం 7 వస్తే కుదరదు, లేకపోతే కుదురుతుంది. మనదాంట్లో 4 లేదు. చివరి మూడు అంకెలు 678, 8 తో భాగిస్తే శేషం 6. కుదురుతుంది. వెతికితే దొరికింది కూడా: 3510² + 147² + 63². వెతకడం ఎలాగంటే, పెద్ద వర్గాన్ని తీసేసి, మిగిలినదానికి పైనున్న రెండు వర్గాల నియమం వేసి చూడాలి. 3513, 3512, 3511 లతో మిగిలినవి ఆ పరీక్ష తప్పాయి. 3510 తో మిగిలింది 25,578 = 2 × 3² × 7² × 29, అది నెగ్గింది.

నాలుగు వర్గాలైతే పరీక్షే అక్కర్లేదు, ప్రతి సంఖ్యకూ కుదురుతుంది.

వరుస సంఖ్యల మొత్తంగా: ఎన్ని బేసి భాజకాలుంటే అన్ని రకాలుగా రాయొచ్చు, సంఖ్య ఒక్కటే నిలబడటాన్నీ ఒక రకంగా లెక్కిస్తే. ఇక్కడ 3 × 2 × 2 = 12. మూడు సంఖ్యలతో: 41,15,225 + 41,15,226 + 41,15,227. నాలుగుతో: 30,86,418 + 30,86,419 + 30,86,420 + 30,86,421.

త్రిభుజ సంఖ్యా? 8 తో గుణించి 1 కలిపితే వర్గం రావాలి. ఇక్కడ 9,87,65,425 వస్తుంది. 25 తో ముగిసింది కదా, వర్గమేమో అని ఆశ పుడుతుంది. 5 తో ముగిసే వర్గంలో 25 కు ముందున్న భాగం రెండు వరుస సంఖ్యల లబ్ధం కావాలి. అలాంటి లబ్ధం 0, 2, 6 లతోనే ముగుస్తుంది. ఇక్కడ 987654 చివర 4 ఉంది. త్రిభుజ సంఖ్య కాదు.

## 10. ఇప్పుడు కుడివైపు గడి: రాత గుణాలు

ఇవి త్వరగా అయిపోతాయి.

అంకెల మొత్తం 36, దాన్ని మళ్లీ కూడితే 9. అంకెల లబ్ధం 40,320, అంటే 1 నుంచి 8 దాకా లబ్ధమే.

హర్షద్ సంఖ్యా? తన అంకెల మొత్తంతో తాను పోవాలి. 36 = 4 × 9. 9 తో పోతుంది గానీ 4 తో పోదు. కాదు. చాలామంది 9 చూసి అవునని రాసేస్తారు. మొత్తం 36 తో పోవాలి, దాని ముక్కతో కాదు.

స్మిత్ సంఖ్యా? ప్రధాన కారణాంకాల అంకెలన్నీ కూడితే 36 రావాలి. 2 + 3 + 3 + (4+7) + (1+4+5+9+3) = 41. కాదు. 3 రెండుసార్లు వేయాలని గుర్తుంచుకోండి.

బైనరీకి హెక్సాడెసిమల్ మీదుగా వెళ్తే తప్పులు తగ్గుతాయి. 16 తో వరుసగా భాగించి శేషాలను కిందినుంచి పైకి, అంటే చివర వచ్చినది ముందు, రాస్తే 11, 12, 6, 1, 4, 14. ఒక్కోదాన్ని నాలుగు బిట్లుగా రాయండి:

1011 1100 0110 0001 0100 1110

మొత్తం 24 బిట్లు, అందులో ఒకట్లు 12. చివర ఒకే సున్నా ఉండాలి, ఎందుకంటే 2 ఒక్కసారే పోయింది. ఉంది.

## 11. ఎక్కడ తప్పు పోయిందో పట్టుకోవడం

జవాబు అనుమానంగా ఉంటే మొత్తం మళ్లీ చేయకండి. ఈ వరుసలో చూడండి.

- కారణాంకాలు వెనక్కి గుణిస్తే అసలు సంఖ్య వస్తోందా?
- ప్రతి కారణాంకమూ నిజంగా ప్రధాన సంఖ్యేనా? గుణకారం సరిపోయినా లోపల 91 లాంటిది దాక్కుని ఉండొచ్చు.
- భాజకాల సంఖ్య బేసి వచ్చిందా? వర్గాలకు మాత్రమే అలా వస్తుంది. వర్గం కాని సంఖ్యకు బేసి వస్తే తప్పే.
- వర్గమైతే వర్గమూలాన్ని జాబితాలో రెండుసార్లు రాశారా?
- పెద్ద గుణకారాలను 9 తోనే కాక 11 తో కూడా సరిచూశారా?

చివరిది కాస్త వివరంగా. అంకెల మొత్తంతో సరిచూస్తే పక్కపక్క అంకెలు తారుమారైనా దొరకదు, మొత్తం మారదు కదా. 11 తో చూస్తే దొరుకుతుంది. కుడినుంచి ఒక అంకె కూడి, తర్వాతిది తీసేస్తూ వెళ్లాలి. 2,73,19,968 కు 8−6+9−9+1−3+7−2 = 5. ఇటు 3, 13, 48, 14,594 లను 11 తో భాగిస్తే శేషాలు 3, 2, 4, 8. వాటి లబ్ధం 192, దాన్ని 11 తో భాగిస్తే శేషం 5. సరిపోయింది. ఫై విలువకూ ఇలాగే చేస్తే రెండువైపులా 6 వస్తుంది.

## 12. మీరే చేసి చూడండి: 12,34,567

ఒక అంకె తక్కువైతే ఎంత మారిపోతుందో చూడండి. కింది జవాబులు మూసిపెట్టి చేయండి. ఇందులో మొదటి కారణాంకం దొరకడానికి 113 దాటి వెళ్లాలి, ఓపిక పట్టండి.

- విభజన: 127 × 9721. 9721 ను విడిగా పరీక్షించనక్కర్లేదు. దాని వర్గమూలం 99 లోపే, అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ 127 కు చేరేలోపే అయిపోయాయి.
- భాజకాలు 4, వాటి మొత్తం 12,44,416
- తనను మినహాయిస్తే 9849, కాబట్టి ఊన సంఖ్య
- ఫై 12,24,720, మోబియస్ విలువ ప్లస్ ఒకటి
- రెండు వర్గాల మొత్తంగా కుదరదు, 127 అడ్డు
- మూడు వర్గాల మొత్తంగానూ కుదరదు, 8 తో భాగిస్తే శేషం 7
- అంకెల మొత్తం 28, బైనరీలో 21 బిట్లు, ఒకట్లు 11

మీ బైనరీ రాత ఇలా రావాలి: 1 0010 1101 0110 1000 0111.